ఇసుక కడిగేవాళ్లెవరు?

అనంతపురం నీళ్ల చరిత్ర ఎవరు చెప్పినా కట్టించినవాళ్ల పేర్లతోనే మొదలుపెడతారు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడని, బుక్కరాయసముద్రం అలా వెలసిందని చెబుతారు. పక్కనున్న కడప జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం ఇంకా వివరంగా మాట్లాడుతుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వెయ్యి మంది కూలీలను, వంద బండ్లను పెట్టి రెండేళ్లలో చెరువు పూర్తి చేయించాడట. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా ఆ రాతి మీద ఉన్నాయి. మన కాలానికి వస్తే, 731 ఊళ్లకు 300 కోట్ల రూపాయలతో, ఏడాదిన్నర వ్యవధిలో నీళ్లిచ్చిన సత్యసాయి పథకం. ఇవన్నీ నిజమే, గొప్పవే. కట్టిన మరుసటి ఏడు పూడిక ఎవరు తీశారు, ఇసుక ఎవరు కడిగారు, వాళ్ల కూలి ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మాత్రం ఈ కథల్లో దొరకదు. ఆఖరికి మన కావ్యాలదీ అదే దారి. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ వల్ల గండికి ప్రాణమిచ్చిన బుక్కరాయసముద్రం కోడలు అందరికీ తెలుసు. ఏటా అదే కట్ట మీద కంప కొట్టి, తూము గొంతులో ఒండ్రు తోడినవాడి పేరు ఒక్కటీ మిగల్లేదు. నా దృష్టిలో ఈ మెట్ట మీద శుభ్రమైన నీటి చరిత్ర నిజానికి వాడి చరిత్రే. వడపోత సాధనం ఎంత గొప్పదన్నది తర్వాతి మాట. దాన్ని శుభ్రం చేసే మనిషికి ఖాయమైన హక్కు, ఖాయమైన కూలి ఉన్నంతకాలం నీళ్లు బాగున్నాయి. ఆ ఏర్పాటు తెగినచోట సాధనం మూలపడింది.

అన్నిటికన్నా పాత వడపోత చెలమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో పెన్న, చిత్రావతి, హగరి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలుగానే కనిపిస్తాయి. పైన ఎండినా ఇసుక అడుగున నీరు కదులుతూనే ఉంటుంది. మోకాలి లోతు గుంత తీస్తే చుట్టూ ఇసుకలోంచి చెమ్మ ఊరి, కాసేపటికి కడవలో పోసుకునేంత నీరవుతుంది. చెలమను వాడే తీరులో ఒక క్రమం ఉంది. తెల్లారి వెళ్లినవాళ్లు రాత్రంతా నిలిచిన నీటిని ముందు తోడి దూరంగా పారబోస్తారు. అడుగున పేరుకున్న సన్న వండును, రాలిన ఆకులను చేత్తో దేవి తీస్తారు. అంచులు విరిగి పడకుండా సరిచేస్తారు. రెండోసారి ఊరిన నీటినే టెంకాయ చిప్పతో, అడుగు కదలకుండా, పైపైన తీసి బిందెలో పోస్తారు. వచ్చేటప్పుడు మేకలు, కుక్కలు మూతి పెట్టకుండా కంప మూస్తారు. ఇంటికి తెచ్చాక కూడా మసక మిగిలితే చిల్లగింజ అరగదీసి కలపడమో, పటిక ముక్క తిప్పడమో, పాత పంచె మడిచి వడగట్టడమో ఉండేది. నది చేసే వడపోతకు రోజువారీ శుభ్రం మనిషి చేయాలి, అదీ నీళ్లు తీసుకునే మనిషే చేయాలి. తోడనివాడికి ఆ పూట తేట నీరు లేదు. పనికీ ఫలానికీ మధ్య ఇంకెవరూ లేరు కాబట్టి చెలమకు ఏ శాసనమూ అవసరం రాలేదు.

ఇదే ఇసుక నీటిని పొలానికి మళ్లించేవి ఊట కాలువలు. మడకశిర, పావగడ వైపు వీటిని తలపరిగెలంటారు. వాగు ఇసుకలో పొడుగ్గా కాలువ తవ్వి ఊరిన నీటిని పల్లానికి దించుతారు. ఒక్క వరద వస్తే కాలువంతా ఇసుకతో పూడిపోతుంది, మళ్లీ తవ్వాలి. ఒంటరిగా తవ్వితే తెగే పని కాదు గనక ఆయకట్టు రైతులు ఇంటికో మనిషిని పంపేవారు. చెరువు దగ్గరికి వచ్చేసరికి పని మరింత పెద్దది, లాభం మరింత దూరం. అందుకే అక్కడ రాతకోతలు కనిపిస్తాయి. దత్త మండలాల్లో, అంటే ఈ సీమ జిల్లాల్లో, విరివిగా ఉన్న దశబంధం మాన్యాలు ఆ కోవలోవే. చెరువు కట్టినవాడికో బాగు చేసినవాడికో ఆ నీటి కిందే కొంత భూమి, దానితో పాటే మరమ్మతు బాధ్యత. పూడిక మోసే బండికి, దాన్ని లాగే దున్నలకు, తోలే మనిషికి శాశ్వతంగా భూమి రాసిచ్చిన శాసనాలు కన్నడ సీమలో ఉన్నాయి. తూము కాసే నీరుగంటికి కళ్లం దగ్గరే మేరగా ధాన్యం కొలిచేవారు. వీటన్నిటికీ మించి పనిచేసింది మట్టి. చెరువు ఎండిన చైత్ర, వైశాఖాల్లో రైతులు ఒండ్రు బండ్లకెత్తి ఎర్ర చేలల్లో తోలుకునేవారు. ఇసుక పాలు ఎక్కువైన ఎర్ర నేలలో ఆ జిగట మట్టి పడితే తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. చెరువుకు మురికి అయినది చేనుకు ఎరువైంది, శుభ్రం చేసే ఖర్చు శుభ్రంలోంచే పుట్టింది. ఈ కిటుకును మించిన నిర్వహణ పద్ధతి తర్వాతి ఏ పథకంలోనూ నాకు కనిపించలేదు.

1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ఇచ్చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, కొత్త చెరువుకు అనువైన చోటు ఇక్కడ దాదాపు మిగల్లేదని, జనం ఎప్పుడో కట్టేసుకున్నారని గ్రహించాడు. అంటే మిగిలిన పని నిలబెట్టుకోవడమే. కానీ ఆ పనికి ఆధారమైన మాన్యాలు 1858లో మొదలైన ఇనాం కమిషన్ చేతుల్లో విచారణ సరుకయ్యాయి. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, ఊరివాళ్లు వాడుకగా చేసుకునే చెరువు మరమ్మతును, అంటే కుడిమరామత్తును, శిక్షల భయంతో చేయించబోయింది. శిస్తు సర్కారుకు పోయింది, చాకిరీ రైతుకు మిగిలింది. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం వచ్చినా దాని చూపు కట్ట, తూము, మరువల మీదే. పూడిక తీయడం కన్నా కట్ట ఎత్తు పెంచడం చవక అన్న లెక్క ఇంజనీర్లది. ఆ లెక్క ఒక్క ఏటికి సరే, వందేళ్లకు తప్పు. కట్ట పెరిగినకొద్దీ పూడికా పెరుగుతుంది, ఏదో ఒక నాడు రెండూ సమానమవుతాయి.

పాత ఏర్పాటును పొగిడితే వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. అది న్యాయమైనదే. ఆ చాకిరీ కులం మీద నిలిచింది. నీరుగంటి తూము తెరవాలి, రాత్రి కట్ట కాయాలి, గండి పడితే ముందు దూకాలి. ఊరి బావిలో చేద వేసే హక్కు మాత్రం చాలాచోట్ల అతనికి లేదు. మేర పంట మీద ఆధారపడింది కాబట్టి 1876-78 లాంటి కరువులో మొదట ఆకలికి చిక్కింది అతనే. వీటిని కప్పిపుచ్చి పల్లె ఐకమత్యమని పాడితే అబద్ధమవుతుంది. కాకపోతే ఆ ఏర్పాటులో రెండు విషయాలు కలగలిసి ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. ఒకటి బలవంతం. రెండోది పనికి పక్కనే కూలి ఉండటం. స్వాతంత్ర్యం తర్వాత మనం మొదటిదాన్ని తీసేశాం, బాగానే ఉంది. ఆ ఊపులో రెండోదీ పోయింది. నీరుగంటి పోయినచోట జీతమున్న ఉద్యోగి రాలేదు, ఖాళీ వచ్చింది.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. పాత నీళ్లు అసలు శుభ్రమైనవేనా? దిగుడు బావినే తీసుకోండి. ఈ సీమ పిల్లలు ఈత నేర్చుకున్నది అందులోనే, పెద్దలు నీళ్లు ముంచుకున్నదీ అందులోనే. ఏటా పూడిక తీసి, మెట్లు రుద్ది, పాచి గీకేవారు. కంటికి తేటగానే ఉండేది. కానీ కాలికి నారికురుపు ఉన్న మనిషి ఒక్కడు మెట్లు దిగితే పురుగు పిల్లలు నీళ్లలో చేరేవి. వాటిని మింగిన సన్న నీటి పురుగును తాగినవాడికి ఏడాది తిరిగేసరికి కాల్లోంచి తీగలా పురుగు బయటపడేది. దేశంలో ఈ వ్యాధి పాతుకుపోయిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1980లలో నిర్మూలన కార్యక్రమం మొదలై, 1996లో చివరి కేసు నమోదై, 2000లో దేశం దీనినుంచి విముక్తమైనట్టు ధ్రువీకరణ వచ్చింది. గెలిపించినవి చాలా మామూలు పనులు: మెట్లు మూసి చేదబావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, సన్నని గుడ్డతో వడగట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం. ఫ్లోరైడ్ సంగతి మరోలా ఉంది. దానివల్ల వచ్చే జబ్బును మన దేశంలో మొదట 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. అనంతపురం బోర్లలోనూ ఫ్లోరైడ్ ఉంది. నీళ్లలో కరిగిపోయింది కాబట్టి గుడ్డకూ, ఇసుకకూ చిక్కదు. పటిక, సున్నంతో దాన్ని దించే నల్లగొండ పద్ధతిని నీరి సంస్థ రూపొందించింది. పాత శుభ్రం కంటికి కనిపించినంత మేరకే అన్నది ఒప్పుకోవాల్సిందే. అయినా నా వాదన దీనివల్ల బలపడుతుందనే అనుకుంటాను. నారికురుపును తరిమింది పంపులు ఒక్కటే కాదు, ఇంటింటికీ తిరిగిన జీతగాళ్లు. నల్లగొండ పద్ధతి తడబడిందీ రోజూ పటిక కొలిచి, అడుగున దిగిన బురద తీసే మనిషి లేనిచోటే.

ఇసుక వడపోతను ఒక శాస్త్రంగా మార్చింది యూరప్. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్ చెల్సీలో కట్టిన ఇసుక మడి దానికి నమూనా. మన చెలమకూ దానికీ సూత్రం ఒక్కటే. గంటకు జానెడు కూడా దిగని వేగంతో నీరు సన్న ఇసుకలోకి ఇంకుతుంది. కొన్నాళ్లకు పైన జిగురు పొర ఒకటి కడుతుంది. అసలు వడపోసేది ఆ పొరలోని సూక్ష్మజీవులే. అది మందమై నీరు దిగడం మానేస్తే మడిని ఆరబెట్టి, పైనుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక పారతో చెక్కి, కడిగి దాచిపెట్టాలి. తరచూ చెక్కితే పొర కట్టదు, చెక్కకపోతే నీరు రాదు. 1892లో హాంబర్గ్‌లో కలరా వేల మందిని చంపినప్పుడు, అదే నది నీటిని ఇసుకలో వడపోసుకున్న పక్క ఊరు ఆల్టోనా దాదాపు క్షేమంగా బయటపడింది. ఈ కథ అందరూ చెబుతారు. మరుసటి చలికాలం ఆల్టోనాలోనూ కలరా తలెత్తిందని, చలికి గడ్డకట్టిన ఇసుక మడిని సరిగా నడపకపోవడమే కారణమని రాబర్ట్ కోఖ్ తేల్చాడని మాత్రం తక్కువమంది చెబుతారు. ఇంట్లో ఈత కొలను కట్టుకున్నవాళ్ల శాండ్ ఫిల్టరూ ఈ కుటుంబంలోదే. ఇసుక కాస్త ముదురు, వేగం చాలా ఎక్కువ, శుభ్రం చేయడం నీటిని కింది నుంచి ఎదురు తోసి. ప్రెషర్ గేజ్ ముల్లు మామూలు కన్నా ఎనిమిది, పది పీఎస్‌ఐ పైకెక్కినప్పుడే బ్యాక్‌వాష్ చేయాలి. రోజూ కడిగితే కొత్త ఇసుక సన్న మట్టిని పట్టలేదు. పైగా కడిగిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాల్లో వందల లీటర్లు మోరీలోకి పోతాయి. అనంతపురంలో ఆ నీళ్లను చెట్లకు మళ్లించకుండా వదలడం నేరమంత పని.

ఆటోమేటిక్ వాల్వులు వచ్చాయిగా, ఇక మనిషెందుకు అంటారు కొందరు. వాల్వు తిరగడానికి కరెంటు కావాలి, ఇరుక్కుంటే విప్పే చెయ్యి కావాలి, ఇసుక గడ్డలు కట్టిందో లేదో చూసే కన్ను కావాలి. పైగా కొత్త సాధనాల మురికికి పాత ఒండ్రుకున్న విలువ లేదు. ఊరూరా వెలసిన ఆర్‌ఓ ప్లాంటు 20 లీటర్ల క్యాను నింపుతూ, ఫ్లోరైడ్ మరింత చిక్కబడ్డ నీటిని బయటికి వదులుతుంది. 2014 అక్టోబరు 2న రెండు రూపాయలకే క్యాను అంటూ మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలోనూ ఆ వదిలేసే నీటికి దారి చూపే జవాబు లేకపోయింది. చెలమల సంగతి ఇంకా ఘోరం. 2002లో నీటిని, నేలను, చెట్లను కాపాడేందుకు వాల్టా చట్టం వచ్చినా పెన్న, చిత్రావతి ఇసుక లారీలెక్కుతూనే ఉంది. వడపోసే మడినే ఎత్తుకుపోయాక దాన్ని కడిగే ప్రశ్నే లేదు.

సత్యసాయి పథకం ఈ పాత జ్ఞానాన్ని తలకెత్తుకున్నదే. పెన్న, చిత్రావతి, హగరి ఇసుకలో ఊట బావులు తవ్వి, పెన్నహోబిలం జలాశయం నీటిని కూడా వడపోసి ఊళ్లకు పంపింది. 1997లో ప్రభుత్వానికి అప్పగించారు. ఆ తర్వాతి ఏళ్లలో, జీతాల బకాయిల కోసం పంపులు, ఫిల్టర్లు చూసే కార్మికులు సమ్మెకు దిగడం, ఊళ్లకు నీళ్లాగడం జిల్లా పత్రికల్లో పదేపదే వచ్చిన వార్త. 300 కోట్లతో వేసిన గొట్టాలు నెలజీతం అందని మనిషి దగ్గర ఆగిపోతున్నాయి. వచ్చే గ్రామసభలో మీ ఊరి ట్యాంకు ఎప్పుడు కట్టారని అడగకండి, శిలాఫలకం మీద ఉంటుంది. ఫిల్టరు కడిగే మనిషి ఎవరు, పోయిన నెల జీతం అందిందా అని అడగండి.