ఏరి కోరి తెచ్చుకున్న అటార్నీ జనరల్: నిక్సన్, రిచర్డ్‌సన్ మధ్య ఐదు నెలలు

ఈరోజు కథలో ముఖ్యంగా ఇద్దరే మనుషులు. ఒకరు అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్. ఇంకొకరు ఎలియట్ రిచర్డ్‌సన్. చుట్టూ స్కాండల్ ముసురుకున్న టైమ్‌లో నిక్సనే ఏరి కోరి తెచ్చుకున్న కొత్త అటార్నీ జనరల్. వీళ్లిద్దరూ ఆ హోదాల్లో కలిసి పనిచేసింది ఐదు నెలలు కూడా నిండలేదు. కానీ ఆ ఐదు నెలల్లో ఒక ప్రశ్న తేలిపోయింది. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి మీదే దర్యాప్తు జరుగుతుంటే, నువ్వు ఎవరికి జవాబు చెప్పాలి?

వాటర్‌గేట్ అనే పేరు మీరందరూ వినే ఉంటారు. నేనూ కాలేజీ రోజుల్లో అది ఏదో టేపుల గొడవ అనుకుని వదిలేశాను. తర్వాత కూర్చుని చదివితే నన్ను పట్టి కూర్చోబెట్టింది టేపులు కాదు, ఈ ఇద్దరి మధ్య నడిచిన వ్యవహారం.

ముందు ఒక చిన్న విషయం క్లియర్ చేసుకుందాం. మన దేశంలో అటార్నీ జనరల్ అంటే కేంద్ర ప్రభుత్వానికి న్యాయ సలహాదారు. రాజ్యాంగంలో 76వ అధికరణ కింద వచ్చే పదవి. ఆయన మంత్రి కాదు, దర్యాప్తు సంస్థలు ఆయన చేతిలో ఉండవు. అమెరికాలో లెక్క వేరు. అక్కడ అటార్నీ జనరల్ అంటే కేబినెట్ సభ్యుడు, న్యాయశాఖ మొత్తానికి అధిపతి. ఎఫ్‌బీఐ ఆ శాఖ కిందే ఉంటుంది. ఫెడరల్ కేసులు పెట్టే ప్రాసిక్యూటర్లూ ఆ శాఖ కిందే. అధ్యక్షుడు పేరు చెప్తాడు, సెనేట్ ఒప్పుకుంటే పదవి వస్తుంది. అధ్యక్షుడు వద్దనుకుంటే పదవి పోతుంది. అంటే అధ్యక్షుడి మనుషుల మీద కేసు వస్తే, దాన్ని చూసుకోవాల్సింది అధ్యక్షుడు పెట్టిన మనిషే. చిక్కంతా అక్కడే ఉంది.

సరే, కథలోకి వద్దాం.

1972 జూన్ 17. వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ అనే బిల్డింగ్. అందులో ప్రతిపక్ష డెమొక్రాటిక్ పార్టీ ఆఫీసు. అర్ధరాత్రి దాటాక అందులోకి దూరిన ఐదుగురిని పోలీసులు పట్టుకున్నారు. అందులో ఒకడు నిక్సన్ ఎన్నికల కమిటీలో సెక్యూరిటీ చూసే మనిషి. నిక్సన్ మాకేం సంబంధం లేదన్నాడు. జనం నమ్మారు. ఆ నవంబర్‌లో 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు.

కానీ 1973 మొదట్లో కోర్టులో ఒక్కో ముడీ ఊడటం మొదలైంది. అనుమానం వైట్‌హౌస్ గుమ్మం దాకా వచ్చింది. ఏప్రిల్ 30న నిక్సన్ టీవీలో మాట్లాడాడు. తన కుడి ఎడమ భుజాల్లాంటి హాల్డెమన్, ఎర్లిక్‌మన్ రాజీనామా చేశారని చెప్పాడు. లాయర్ జాన్ డీన్‌ని తీసేశాడు. అటార్నీ జనరల్ క్లైన్‌డీన్‌స్ట్ కూడా వెళ్లిపోయాడు. ఆయన కంటే ముందు అటార్నీ జనరల్‌గా చేసిన జాన్ మిచెల్ పేరు అప్పటికే ఈ కేసులో నలుగుతోంది. ఆ మిచెల్ తర్వాత జైలుకే వెళ్లాడు. అంటే న్యాయశాఖ పరువు ఎక్కడ ఉందో చూడండి.

ఆ స్పీచ్‌లోనే కొత్త పేరు చెప్పాడు నిక్సన్. ఎలియట్ రిచర్డ్‌సన్.

ఎవరీయన? బోస్టన్ మనిషి. హార్వర్డ్‌లో లా చదివాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరంలో దిగిన సైన్యంలో వైద్య విభాగంలో పనిచేశాడు. నిక్సన్ పార్టీ వాడే, నిక్సన్ కేబినెట్‌లోనే ఆరోగ్యం, విద్య చూసే శాఖ చేశాడు, ఆ జనవరిలోనే రక్షణ మంత్రి అయ్యాడు. నిజాయితీపరుడని పేరు. నిక్సన్‌కి సరిగ్గా ఆ పేరే కావాలి. ఇల్లంతా మసి పట్టినప్పుడు గుమ్మానికి సున్నం కొట్టినట్టు.

దర్యాప్తు పూర్తిగా నీ చేతికే ఇస్తున్నా, కావాలంటే స్పెషల్ ప్రాసిక్యూటర్‌ని పెట్టుకో అని నిక్సన్ దేశం ముందే చెప్పాడు. ఇక్కడ ఇద్దరూ ఒకే మాటని రెండు రకాలుగా అర్థం చేసుకున్నారని నాకనిపిస్తుంది. నిక్సన్ దృష్టిలో అది జనం కోసం చెప్పిన మాట. రిచర్డ్‌సన్ దాన్ని తనకిచ్చిన అధికారంగా తీసుకున్నాడు.

తర్వాత సెనేట్ వంతు. సెనేటర్లు ఊరికే ఒప్పుకోలేదు. స్పెషల్ ప్రాసిక్యూటర్ ఎవరో చెప్పు, ఆయనకి ఎంత స్వేచ్ఛ ఇస్తావో రాసివ్వు అని కూర్చున్నారు. రిచర్డ్‌సన్ తెచ్చిన పేరు ఆర్చిబాల్డ్ కాక్స్. హార్వర్డ్‌లో తనకి పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. పైగా కెనెడీ ప్రభుత్వంలో సొలిసిటర్ జనరల్‌గా చేసిన మనిషి. నిక్సన్‌కి కెనెడీ మనుషులంటేనే ఒళ్లు మంట.

రిచర్డ్‌సన్ రాతపూర్వకంగా ఇచ్చిన మాట ఇదీ: కాక్స్ నిర్ణయాల్లో నేను వేలు పెట్టను. ఆయన అసాధారణమైన తప్పు ఏదైనా చేస్తే తప్ప ఆయన్ని తీసేయను. ఈ మాట ఇచ్చాకే సెనేట్ ఓకే చెప్పింది. మే 25న ప్రమాణ స్వీకారం అయింది.

ఈ కాగితాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

జులైలో మొదటి గీటు పడింది. కాలిఫోర్నియాలో నిక్సన్ ఇంటి ఖర్చుల మీద కూడా కాక్స్ టీమ్ కన్నేసిందని పేపర్‌లో వార్త వచ్చింది. వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అలెగ్జాండర్ హేగ్ నుంచి రిచర్డ్‌సన్‌కి ఫోన్. అధ్యక్షుడు చాలా కోపంగా ఉన్నారని. గమనించండి, అధ్యక్షుడు నేరుగా మాట్లాడటం తగ్గింది, మధ్యవర్తి ఫోన్లు పెరిగాయి. ఆఫీసులో మీ బాస్ మీతో మాట్లాడటం మానేసి ఇంకొకరితో కబురు పంపడం మొదలుపెడితే ఏం అర్థం చేసుకుంటాం? అదే.

జులై 16న బాంబు పేలింది. సెనేట్ కమిటీ ముందు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే అధికారి చెప్పాడు, అధ్యక్షుడి గదిలో జరిగే మాటలన్నీ టేప్ అవుతున్నాయని. ఇంకేముంది, నిజం తేలాలంటే టేపులు వింటే చాలు. కాక్స్ తొమ్మిది టేపులకి కోర్టు ద్వారా సమన్లు పంపాడు. నిక్సన్ ఇవ్వనన్నాడు. ఆగస్టు చివర్లో జడ్జి సిరికా, అక్టోబర్ 12న అప్పీల్ కోర్టు, ఇద్దరూ కాక్స్ వైపే తీర్పిచ్చారు.

ఇదే టైమ్‌లో ఇంకో కొత్త తలనొప్పి. ఉపాధ్యక్షుడు స్పిరో ఆగ్న్యూ లంచాలు తీసుకున్నాడని బాల్టిమోర్ ప్రాసిక్యూటర్ల దగ్గర సాక్ష్యాలు వచ్చాయి. ఆ కేసునీ రిచర్డ్‌సనే నడపాలి. నిక్సన్‌కి ఏమైనా అయితే ఆ కుర్చీలోకి వచ్చేది ఈ ఆగ్న్యూనే. అందుకే జైలు కంటే పదవి పోవడమే ముఖ్యం అనుకున్నాడు రిచర్డ్‌సన్. బేరం కుదిరింది. అక్టోబర్ 10న ఆగ్న్యూ రాజీనామా చేశాడు. పన్ను ఎగవేత కేసులో 10,000 డాలర్ల జరిమానా, మూడేళ్ల ప్రొబేషన్. జైలు లేదు. చాలామంది తిట్టారు కూడా.

ఆ వ్యవహారం ముగిశాక ఇక కాక్స్‌ని వదిలించుకోవచ్చు అన్నట్టు నిక్సన్ తనతో మాట్లాడాడని రిచర్డ్‌సన్ తర్వాత చెప్పాడు.

ఇప్పుడు ఆ ఆఖరి వారం. ఇక్కడే నా అభిప్రాయం మారింది. మొదట నేను రిచర్డ్‌సన్ అంటే సినిమా హీరో టైప్ అనుకున్నాను, మొదటి సీన్‌లోనే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడని. అలా ఏం కాదు. ఆయన చాలా దూరం సర్దుకున్నాడు. టేపులు నేరుగా ఇవ్వం, వాటిలోని మాటల సారాంశం ఇస్తాం, అది సరిగ్గా ఉందో లేదో సెనేటర్ జాన్ స్టెన్నిస్ విని చెప్తారు అని వైట్‌హౌస్ ఒక రాజీ తెచ్చింది. స్టెన్నిస్‌కి 72 ఏళ్లు, వినికిడి అంతంతమాత్రం. టేపులు వినే పని ఆయనకి! అయినా ఆ ప్రతిపాదనని కాగితం మీద పెట్టి కాక్స్ దగ్గరికి పంపింది రిచర్డ్‌సనే. కాక్స్ ఒప్పుకోలేదు.

అక్టోబర్ 19, శుక్రవారం రాత్రి వైట్‌హౌస్ ఇంకో అడుగు వేసింది. ఇకమీదట టేపులు, కాగితాల కోసం కాక్స్ మళ్లీ కోర్టుకి వెళ్లకూడదు అని ఆర్డర్. ఇది రిచర్డ్‌సన్ సెనేట్‌కి ఇచ్చిన మాటకి నేరుగా అడ్డం. సర్దుబాటు అక్కడితో ఆగిపోయింది.

అక్టోబర్ 20, శనివారం. మధ్యాహ్నం కాక్స్ ప్రెస్ ముందుకి వచ్చి, ఈ ఆర్డర్ నేను పాటించలేను అని మర్యాదగానే చెప్పాడు. కాసేపటికి హేగ్ నుంచి రిచర్డ్‌సన్‌కి ఫోన్: కాక్స్‌ని తీసేయండి.

రిచర్డ్‌సన్ నేరుగా వైట్‌హౌస్‌కి వెళ్లాడు, రాజీనామా ఇవ్వడానికి. నిక్సన్ ఆపడానికి చూశాడు. ఆ రోజుల్లో ఇజ్రాయెల్‌కి, అరబ్ దేశాలకి మధ్య యుద్ధం నడుస్తోంది. కిసింజర్ మాస్కోలో ఉన్నాడు. ఇలాంటప్పుడు మా ఇంట్లోనే గొడవ అని తెలిస్తే బ్రెజ్నెవ్ ఏమనుకుంటాడు, కొన్నాళ్లు ఆగు అన్నాడు. తర్వాత, సొంత మాటని దేశం కంటే ఎక్కువ చేసుకుంటున్నావు అనే అర్థంలో నిష్ఠూరమాడాడు. తన రాజీనామానే దేశానికి మేలనుకుంటున్నానని రిచర్డ్‌సన్ జవాబిచ్చాడు.

నిజంగా ఆలోచించండి. ఉపాధ్యక్షుడి కుర్చీ ఖాళీ. బయట యుద్ధం. ఎదురుగా అధ్యక్షుడు బతిమాలుతున్నాడు. నిక్సన్ చెప్పిన కారణం పూర్తిగా అబద్ధం కూడా కాదు. అలాంటి కారణాలే మనిషిని పడగొడతాయి. తప్పు చెయ్ అని ఎవరూ అడగరు, ఇప్పుడు టైమ్ కాదు అంటారు. ఆ గదిలో రిచర్డ్‌సన్‌ని నిలబెట్టింది మే నెలలో రాసిచ్చిన ఆ కాగితమే అని నా నమ్మకం. కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని లేదు. గీత ముందే గీసి ఉంది.

తర్వాత డిప్యూటీ విలియం రకల్‌షాస్. ఆయనా కాదన్నాడు, పదవి వదిలేశాడు. మూడో మనిషి, సొలిసిటర్ జనరల్ రాబర్ట్ బోర్క్. ఆయన కాక్స్‌ని తీసేశాడు. అందరూ వెళ్లిపోతే శాఖే కూలిపోతుంది, నువ్వు ఉండు అని బోర్క్‌కి చెప్పినవాళ్లలో రిచర్డ్‌సన్ కూడా ఉన్నాడు. ఆ రాత్రే వైట్‌హౌస్ ప్రకటన వచ్చింది. కాక్స్ ఆఫీసుకి ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి కాపలా నిలబడ్డారు. అమెరికన్లు దీన్ని శనివారం రాత్రి ఊచకోత అని పిలిచారు.

ఫలితం? నిక్సన్ అనుకున్నదానికి పూర్తిగా రివర్స్. లక్షల్లో టెలిగ్రాములు. మూడు రోజుల్లో టేపులు ఇస్తానని కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది. నవంబర్ 1న కొత్త స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా లియోన్ జవార్‌స్కీ వచ్చాడు, ఆయనా టేపులే అడిగాడు. 1974 జులై 24న సుప్రీంకోర్టు 8-0తో ఇవ్వాల్సిందే అంది. ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగాడు.

రిచర్డ్‌సన్ అధ్యక్షుడు మాత్రం కాలేదు. కానీ తర్వాత ఫోర్డ్ ప్రభుత్వంలో లండన్‌కి రాయబారిగా, ఆ తర్వాత వాణిజ్య మంత్రిగా చేశాడు. 1999 డిసెంబర్ 31న చనిపోయాడు.

నాకు మిగిలింది ఒకటే. నిక్సన్ ఒక మంచి పేరుని అరువు తెచ్చుకుందామనుకున్నాడు. పేరుతో పాటు మనిషి కూడా వస్తాడని లెక్కేసుకోలేదు. ఇక మన సంగతి. మనకెవరికీ వైట్‌హౌస్ నుంచి ఫోన్ రాదు. కానీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరు, ఈ ఒక్కసారికి సంతకం పెట్టేయ్ అంటారు. ఆ రోజు ఆలోచించుకుందాంలే అనుకుంటే కష్టం. ఏ పని చేయమో అది ఉద్యోగంలో చేరే రోజే రాసిపెట్టుకోవాలి.

రిచర్డ్‌సన్ చేసింది కరెక్టా, లేక పదవిలో ఉండి పోరాడాల్సిందా? కామెంట్లలో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.