కొమ్ముకు, రేకుకు రెండో బతుకు

డోలు మీద దెబ్బ పడగానే ఇద్దరు కోయ యువకులు తలలు వంచి ఎదురెదురుగా కదులుతారు. నెత్తిన అడవిదున్న కొమ్ములు, వాటి నడుమ నెమలి ఈకల కుచ్చు. మెడలు బిగించి, కొమ్ముకు కొమ్ము తాకించి కాసేపు కుమ్ముకుంటారు. అంతలోనే విడిపోయి మళ్లీ వరసలో కలుస్తారు. పక్కన ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని ఆ దరువుకే అడుగు కలుపుతుంటారు. భద్రాచలం చుట్టుపక్కల దీన్ని కొమ్ము నృత్యం అంటారు. ఆడేవాళ్లకు కొమ్ము కోయలని పేరు.

దున్న ఇక్కడ ఎంత పాత కాపో చెప్పడానికి ఒక పుస్తకం పేరు చాలు. నిజాం రాజ్యంలోని గిరిజనులను దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, గోదావరి ఒడ్డున కొండరెడ్ల జీవితం మీద 1945లో అచ్చు వేసిన పుస్తకానికి ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ అని పేరు పెట్టాడు. ఆ బైసన్ హిల్స్ మన పాపికొండలే. అంతకు ఏడేళ్ల ముందు గ్రిగ్సన్ అనే అధికారి బస్తర్ మారియాల మీద పుస్తకం రాశాడు. వారిలో ఇలాగే కొమ్ములు ధరించి ఆడేవాళ్లను ‘బైసన్ హార్న్ మారియాలు’ అన్నాడు. రాష్ట్రాల, జిల్లాల సరిహద్దులు తర్వాత ఎన్నోసార్లు మారాయి. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం విడి జిల్లా అయింది. కొమ్ముల ఆట మాత్రం గీతకు అటూ ఇటూ సాగుతూనే ఉంది.

దున్నతో ఈ బంధం కేవలం స్నేహమని చెప్పడం నిజాన్ని దాచడమే అవుతుంది. అడవివాళ్లు దున్నను వేటాడారు, తిన్నారు. కానీ తిన్నాక ఎముకను విసిరేసినట్టు కొమ్మును విసిరేయలేదు. దాన్ని నెత్తికెత్తుకున్నారు. కడుపు నింపిన జంతువు నడకను, పొగరును, పోట్లాటను తమ ఒంట్లోకి తెచ్చుకుని పండగనాడు ఊరి ముందు ఆడి చూపించారు. డోలుకు బిగించిందీ తోలే. ఆ కోయ డోలు మోతకే మణుగూరు మండలం కూనవరం నివాసి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల చరిత్ర గుక్క తిప్పుకోకుండా పాడే ఆ పెద్దాయన 2024లో కన్నుమూశారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవిదున్నను వేటాడటం నేరమైంది. 1977లో కిన్నెరసాని, 1978లో పాపికొండలు అభయారణ్యాలయ్యాయి. పాపికొండలు 2008లో జాతీయ పార్కు కూడా అయింది. అందువల్ల కొత్త కొమ్ము తెచ్చుకునే దారి లేదు. తాతల నాటి జతనే తుడిచి, గుడ్డ చుట్టి, కొత్త ఈకలు గుచ్చి మనవళ్లు కట్టుకోవాలి.

దేన్నీ ఊరికే పారేయని అదే చూపు సొరకాయ బుర్రలోనూ కనిపిస్తుంది. కాయను తీగ మీదే ముదరనిస్తారు. తొడిమ దగ్గర చిల్లి పెట్టి, లోపల నీళ్లు పోసి గుజ్జు కుళ్లేదాకా ఉంచుతారు. తర్వాత గులకరాళ్లు వేసి గలగలా ఆడించి, కడిగి ఎండబెడతారు. అదే నీళ్ల బుర్ర. అందులోనే జావ, అందులోనే జీలుగు కల్లు. పగిలితే దున్నిన మట్టిలో కలిసిపోతుంది. పక్కనున్న బస్తర్‌లో అదే బుర్ర మీద కాల్చిన ఇనుముతో బొమ్మలు దిద్ది దీపపు గూళ్లు చేస్తున్నారు.

వాడి పారేయడం ఈ అడవికి ఆలస్యంగా వచ్చిన అలవాటు. యాత్రికుల బస్సుతో, పాపికొండల లాంచీతో, సంతలో కొన్న చిన్న చిన్న పొట్లాలతో వచ్చింది. దాని దెబ్బ ముందుగా తగిలింది పశువుకే. మిగిలిపోయిన అన్నం కవరులో కట్టి పారేస్తే ఆవు కవరుతో సహా మింగుతుంది. పుట్టపర్తిలోని జంతు సంరక్షణ సంస్థ కరుణా సొసైటీ ఆవుల కడుపులు కోసి కిలోలకొద్దీ ప్లాస్టిక్ బయటికి తీసింది. ఆ బాధతోనే 2012లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. మేత అనుకుని ఆవు మింగింది మనం ముడి వేసి పారేసిన కవరే.

ఈ అలవాటుకు ఎదురునిలిచి తన పద్ధతిలో జవాబు చెప్పిన మనిషి ఖమ్మం పక్కన రెడ్డిపల్లిలో ఉండేవాడు. దరిపల్లి రామయ్య అంటే కొందరికే తెలుసు, వనజీవి రామయ్య అంటే అందరికీ తెలుసు. జేబుల్లో విత్తనాలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలక. కోటికి పైగా మొక్కలు నాటిన మనిషిగా పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఆయన చేతిపని గురించి జనం తక్కువ మాట్లాడుకుంటారు. ఎవరో పారేసిన పాత రేకు, పనికిరాని వస్తువు కనపడితే ఇంటికి తెచ్చేవాడు. దాన్ని గుండ్రంగానో మరో తీరుగానో మలిచి, రంగు పూసి, చెట్టు గురించి నాలుగు మాటలు రాసి గోడకు తగిలించేవాడు. ఇల్లంతా అవే. తుప్పు పట్టిన రేకు పాఠం చెప్పే పలక అయ్యేది. చదివింపుగా డబ్బు కాకుండా మొక్క పట్టుకుని పెళ్లికి వెళ్లే ఆ మనిషికి చెత్త అన్నది పని దొరకని వస్తువు మాత్రమే. దున్న కొమ్మును నెత్తికెత్తుకున్న కోయవాళ్లకూ రేకును గోడకెక్కించిన రామయ్యకూ చుట్టరికం ఇక్కడే ఉంది. 2025 ఏప్రిల్ 12న ఆయన వెళ్లిపోయారు. పక్కన నిలబడి మొక్కలు పెంచిన భార్య జానమ్మ పేరు చెప్పకుండా ఆయన కథ చెప్పకూడదు.

2022 జులై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు నిషేధంలో ఉన్నాయి. వాటి బదులు ఈ అడవి దగ్గర అడ్డాకు విస్తరి, మోదుగాకు డొప్ప ముందునుంచీ ఉన్నాయి. వచ్చే శ్రీరామనవమికి భద్రాద్రి వెళ్లేవారు కల్యాణం చూశాక అక్కడి గిరిజన మ్యూజియానికీ ఒక గంట కేటాయించండి. అన్నం ఆకులో తినండి. చేతిలోని సీసాను గోదారికి వదలకుండా మీతో ఇంటికి తెచ్చుకోండి.