అలంపురం లజ్జాగౌరి

కర్నూలు పక్కనున్న కల్లూరు నుంచి తుంగభద్ర దాటి వెళితే వచ్చే అలంపురంలో, బాదామి చాళుక్యుల కాలానికి చెందిన రాతి దేవతా విగ్రహం. సుమారు 7వ శతాబ్దిది. మోకాళ్లు మడిచి పక్కలకు చాపి, చేతులు పైకెత్తి ప్రసవ భంగిమలో ఉంటుంది. తల ఉండదు, ఆ స్థానంలో విచ్చిన తామరపువ్వు. సంతానం కోరే స్త్రీలు కొలిచిన దేవత ఇది.

ఈ భంగిమ మూలం ఎక్కడిదన్నది పాత చర్చ. టాలెమీల, రోమన్ల పాలనలో ఈజిప్టులో ఇలాంటి మట్టిబొమ్మలు చేసేవారు. వాటిలో గ్రీకు కేశాలంకరణ, ఈజిప్టు మాతృదేవతల సంతాన విశ్వాసం కలిసిపోయాయి. పండితులు వాటిని గ్రీకు పురాణంలో దుఃఖంలో ఉన్న డిమీటరు దేవతను నవ్వించిన బౌబో పేరుతో పిలుస్తారు. రోమన్ వర్తకంతో ఆ రూపం దక్కనుకు వచ్చి ఉండవచ్చని పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి. సంకాలియా 1960లో వాదించారు.

వర్తకం నిజమే, నాగార్జునకొండలో రోమన్ నాణేలు దొరికాయి. అక్కడే ఇక్ష్వాకు రాజు ఎహువుల చాంతమూలుని రాణి ఖండువుల చేయించిన లజ్జాగౌరి శిల్పమూ బయటపడింది. పై సగం విరిగిపోయినా శాసనం మిగిలింది. అయితే బౌబోకు మనిషి ముఖం ఉంటుంది, మన దేవతకు తామర. పైగా కాళ్లు చాపి జన్మనిచ్చే ‘ఉత్తానపాద’ అనే భావన ఋగ్వేదంలోనే ఉంది. కాబట్టి అరువు తెచ్చుకున్న రూపమన్న వాదన ఊహ దగ్గరే ఆగింది.

అలంపురం వెళ్లేవారు అక్కడి లజ్జాగౌరిని జోగులాంబగా పొరబడవద్దు. ఆ అమ్మవారు గుడిలో, ఈ విగ్రహం మ్యూజియంలో ఉన్నాయి.