పదో తరగతి తర్వాత ఆరేళ్లు: జహీరాబాద్ ప్రాంత విద్యార్థికి కళాశాల గడప - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పాఠశాల ముగిసి కళాశాల మొదలయ్యే చోటు తెలుగునాట గత వందేళ్లలో కనీసం మూడుసార్లు మారింది. మార్పు జరిగిన ప్రతిసారీ లాభపడినవారెవరు, గడప బయటే మిగిలినవారెవరు అన్న ప్రశ్నకు విద్యాచరిత్రలో రావలసినంత చోటు రాలేదు. అమెరికాలో పేద, అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులు ఉన్నత పాఠశాలలో ఉండగానే కళాశాల క్రెడిట్లు సంపాదించే ఏర్పాట్లు అర్ధశతాబ్దంగా ఉన్నాయి. తెలుగు ప్రాంతంలో వాటికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనవాడుకలో అది ట్రిపుల్ ఐటీ. ఆ ప్రయత్నం ఏ మేరకు కొత్తదో జహీరాబాద్ వంటి సరిహద్దు ప్రాంతం నుంచి చూస్తే స్పష్టపడుతుంది.

గడప జరిగిన తీరు

హైదరాబాదు నుంచి ముంబయి రహదారిపై సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్ 1956 వరకు మెదక్ జిల్లాలోది కాదు. అది బీదరు జిల్లా తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నిర్ణా సర్కిల్ మినహా ఆ తాలూకా, దానితోపాటు న్యాలకల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ కలగలిసి వినిపించే ఈ నేలపై చదువు ఏ భాషలో అన్నదే మొదటి అడ్డంకి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మరుసటి ఏడాది ఇంటర్మీడియట్ తరగతులు ప్రారంభించింది. బోధన ఉర్దూలో సాగింది. ఒక భారతీయ భాష ఉన్నత విద్యకు మాధ్యమం కావడం గొప్ప సంగతే. ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడే రైతుబిడ్డకు మాత్రం ఆ గడప రెండింతల ఎత్తయింది.

మొదలియార్ కమిషన్ (1952-53) ఇంటర్మీడియట్ దశను తొలగించి, ఒక ఏడాదిని పాఠశాలకు, మరో ఏడాదిని డిగ్రీకి కలపమని సూచించింది. దాని పర్యవసానంగా వచ్చినదే పి.యు.సి. ఆ చదువు పేరులోనే విశ్వవిద్యాలయం ఉంది; పాఠ్యప్రణాళిక, పరీక్ష, ధ్రువపత్రం విశ్వవిద్యాలయానివే. పదహారేళ్ల విద్యార్థి అప్పట్లో, కనీసం కాగితం మీద, విశ్వవిద్యాలయ విద్యార్థి.

1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ తిరిగి వచ్చింది. 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. ఈ మార్పును చరిత్రకారులు పాలనాపరమైన సర్దుబాటుగా చూసి వదిలేయడం సరికాదు. జూనియర్ కళాశాలలు తాలూకా కేంద్రాలకు చేరడంతో ఇంటర్ చదువు ఊరికి దగ్గరయింది. అదే వేటుతో విశ్వవిద్యాలయం రెండేళ్లు దూరం జరిగింది. మధ్యలో ఏర్పడిన ఖాళీలోకి 1980ల నుంచి ఎంసెట్, దాని వెంట కోచింగ్ వ్యాపారం ప్రవేశించాయి. విజయవాడ, గుంటూరు, హైదరాబాదు నగరాల్లోని ప్రైవేటు కళాశాలలకు ఫీజు కట్టగలిగిన కుటుంబానికి ఆ రెండేళ్లు పెట్టుబడి. కట్టలేని కుటుంబానికి అవి ప్రవేశపరీక్షతో ముగిసిపోయే రెండేళ్లు.

2008 నాటి ప్రయత్నం

ఈ ఖాళీని పూడ్చడానికి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో చట్టం చేసి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు ప్రాంగణాలు తెరిచింది. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి కులపతి అయ్యారు. పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను ప్రవేశపరీక్ష లేకుండా తీసుకుని, రెండేళ్ల పి.యు.సి., నాలుగేళ్ల బి.టెక్. ఒకే ఆవరణలో చదివించాలన్నది ఉద్దేశం. నలభై ఏళ్ల కిందట కనుమరుగైన పి.యు.సి. అన్న పేరు మళ్లీ తలెత్తడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని అర్థవంతం. తొలి ఏడాది మూడు ప్రాంగణాలకు కలిపి సుమారు ఆరువేల సీట్లు. ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్, ఆంగ్ల మాధ్యమంలో బోధన.

ప్రవేశ విధానంలో గమనించవలసినది వెనుకబాటు అదనపు పాయింట్లు. పదో తరగతికి గ్రేడ్ పాయింట్లు వచ్చాక, ఆశ్రమ వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక పాఠశాలల్లో చదివినవారి సగటుకు 0.4 పాయింటు కలిపారు. పదికి 0.4 అంటే పైకి స్వల్పం. వేలమంది ఒకే సగటు దగ్గర గుమిగూడే చోట అది నిర్ణాయకం. ఝరాసంగం జిల్లా పరిషత్ పాఠశాల విద్యార్థిని హైదరాబాదు ప్రైవేటు పాఠశాల విద్యార్థితో ఒకే తూకంలో తూచకూడదని ఒక విశ్వవిద్యాలయం అంకెల్లో అంగీకరించడం విశేషం. ఈ విధానం పదో తరగతి పరీక్షపైనే నిలబడిందని 2021లో తేలింది. కొవిడ్ కారణంగా ఆ పరీక్షలు రద్దయిన ఆ ఏడాది బాసర ప్రవేశాలకు పాలిసెట్ ర్యాంకును ఆధారం చేసుకున్నారు. వద్దనుకున్న ప్రవేశపరీక్ష మరో దారిన లోపలికి వచ్చింది.

జహీరాబాద్ నుంచి బాసరకు వెళ్లాలంటే కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలు దాటాలి. బాసర ఉన్న ముధోల్ ప్రాంతం కూడా 1956 వరకు నాందేడ్ జిల్లాలోదే. అంటే ఒక సరిహద్దు తాలూకా పిల్లలకు మరో సరిహద్దు తాలూకాలో విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఒకే ఆరేళ్లు, మూడు దారులు

ఇక్కడ ఒక లెక్క అవసరం. పదో తరగతి తర్వాత ఇంజనీరింగ్ పట్టా వరకు మూడు దారులు ఉన్నాయి. ఇంటర్ రెండేళ్లు, బి.టెక్. నాలుగేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, ఈసెట్ ద్వారా రెండో సంవత్సరంలో చేరి బి.టెక్. మూడేళ్లు. బాసరలో రెండు, నాలుగు. ఏ దారిన వెళ్లినా ఆరేళ్లే. కాబట్టి ట్రిపుల్ ఐటీ విద్యార్థి కాలం ఆదా చేసుకోలేదు. అతనికి దక్కినది రెండేళ్ల తర్వాత ఎదురయ్యే ఎంసెట్ గడప లేకపోవడం, దానికి అయ్యే కోచింగ్ ఖర్చు తప్పడం.

మూడు దారుల అసలు తేడా మధ్యలో ఆగిపోయినవారి విషయంలో బయటపడుతుంది. బాసరలో రెండేళ్లకే మానేసిన విద్యార్థి చేతిలో ఉండేది ఇంటర్‌కు సమానమైన పత్రం. విశ్వవిద్యాలయంలో చదివాడన్న విలువ బయటి బి.టెక్.లో ఒక్క సబ్జెక్టుకూ చెల్లదు. డిప్లొమాతో ఆగిన విద్యార్థికి రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. నుంచి పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ దాకా అదే రహదారి పొడవునా ఉన్న కర్మాగారాల్లో పనికి పనికొచ్చే పత్రం ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా చదువు కొనసాగిస్తే ఒక ఏడాది బి.టెక్. చదివినట్టే లెక్క. ముందుగా సంపాదించిన కళాశాల క్రెడిట్ అన్న భావనకు తెలుగునాట నిజమైన రూపం ఇదే. ప్రారంభోత్సవాల హడావుడి లేకపోవడంతో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు.

అమెరికా అనుభవం ఈ తేడాను మరోవైపు నుంచి చూపుతుంది. 1955లో మొదలైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల మూలం ఆండోవర్, ఎక్సెటర్ వంటి సంపన్న పాఠశాలలు హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్‌లతో కలిసి చేసిన అధ్యయనం. పేద పిల్లల కోసం పుట్టిన ఏర్పాటు అది కాదు. 1974లో న్యూయార్క్ లాగార్డియా కమ్యూనిటీ కళాశాల ఆవరణలోనే చదువు మానేసే ప్రమాదమున్న విద్యార్థులకు ఒక ఉన్నత పాఠశాల తెరిచారు. 1985లో మిన్నెసోటా రాష్ట్రం పాఠశాల విద్యార్థులు కళాశాల తరగతుల్లో చేరేందుకు చట్టం చేసింది. ఈ పద్ధతుల్లో విద్యార్థి తన పాఠశాలను, ఇంటిని వదలకుండానే క్రెడిట్ సంపాదిస్తాడు. బాసర నమూనాలో బిడ్డను ఊరి నుంచి పూర్తిగా తరలించాలి. న్యాలకల్ మండలంలో కూతురిని రోజూ బస్సులో పంపడానికి జంకే తల్లిదండ్రులకు వసతి ఉన్న ప్రాంగణం భరోసా ఇవ్వవచ్చు. అయితే సీటు రాని ఆమె తరగతి మిత్రులకు ఊళ్లో మారినదేమీ లేదు. 1971లో సర్వేల్‌లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మొదలుపెట్టిన గురుకుల పాఠశాలతోనే ఈ తర్కం వచ్చింది: మెరికలను ఏరి వేరే చోట పెంచడం. ట్రిపుల్ ఐటీ దానికి విశ్వవిద్యాలయ స్థాయి కొనసాగింపు.

లెక్కలోకి రాని చదువు

జహీరాబాద్ సమీపంలోని మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడిపిన పచ్చసాలెలో పిల్లలు పాఠ్యపుస్తకాలతోపాటు వ్యవసాయం, చేతివృత్తులు నేర్చుకున్నారు. అదే ఊళ్లో 2008లో సంఘం రేడియో ప్రారంభమైంది. బాసర తెరుచుకున్న సంవత్సరమూ అదే. విత్తనం ఎంపికలోనో, శబ్ద ముద్రణలోనో ఈ ప్రాంతపు యువతులు సంపాదించిన నైపుణ్యానికి ఏ కళాశాలా క్రెడిట్ ఇవ్వలేదు.

2020 జాతీయ విద్యావిధానం వెంట 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు, 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చాయి. రెండోది పాఠశాల చదువును, వృత్తి నైపుణ్యాన్ని కూడా లెక్కించదగినవిగా గుర్తించింది: ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. అయితే ప్రతి దశకూ ఒక స్థాయి అంకె ఉంది. పన్నెండో తరగతి నాలుగో స్థాయి. డిగ్రీ మొదటి సంవత్సరం నాలుగున్నర. 1969లో జరిగిన గడప ఇప్పుడు ఆ అర అంకె రూపంలో నిలిచి ఉంది.