మూతపడ్డ ఫ్యాక్టరీ, తీరని బాకీ



కువైట్‌లో మన ఆడవాళ్లు నలుగురు కలిస్తే గ్రాట్యుటీ మాట రాకుండా పోదు. "నీకెన్నేళ్లయింది? లెక్క కడితే ఎంతొస్తుంది?" అని అడుగుకుంటూనే ఉంటాం. ఇక్కడ ప్రైవేటు సంస్థల్లో నెల జీతం మీద చేసేవాళ్లకు మొదటి 5 ఏళ్లకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికో నెల జీతం. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఏడాదికి ఒక నెల జీతం. ఆ డబ్బుతోనే కదా ఒకరు ఇంటికి స్లాబు వేయించుకోవాలనుకుంటారు, ఇంకొకరు కూతురి పెళ్లి అనుకుంటారు.

మన కడప, చిత్తూరు వైపు పెద్దవాళ్లలో చాలామంది ఇదే డబ్బు కోసం ఏళ్లుగా ఎదురు చూస్తున్నారు. వాళ్లు పనిచేసింది సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో. ఫ్యాక్టరీ మూతపడింది, బోర్డు తుప్పు పట్టింది, రావాల్సింది మాత్రం రాలేదు. ఈ సంచికలో ఆ ఫ్యాక్టరీల చరిత్ర చెప్పుకుందాం. ఎందుకంటే ఆ బాకీ ఎవరో దయతలచి ఇవ్వాల్సింది కాదు, చేసిన పనికి నిలబెట్టి ఉంచిన జీతం. అది తెలియాలంటే మొదటి నుంచీ రావాలి.

ఏటికొప్పాకతో మొదలు

ఏటికొప్పాక అంటే మనకి లక్క బొమ్మలు గుర్తొస్తాయి. సెలవుకి వెళ్లొచ్చేటప్పుడు పిల్లల కోసం కొనుక్కొస్తాం కూడా. కానీ మన దేశంలో సహకార చక్కెర ఫ్యాక్టరీల చరిత్ర కూడా ఆ ఊరి నుంచే మొదలవుతుంది. 1932లో అప్పటి ప్రభుత్వం విదేశీ చక్కెర మీద సుంకం వేసి, దేశంలో చక్కెర తయారీకి రక్షణ కల్పించింది. ఆ మరుసటి ఏడే, 1933లో, విశాఖ జిల్లాలో ఏటికొప్పాక రైతులు సహకార సంఘం పెట్టుకుని ఫ్యాక్టరీకి పునాది వేశారు. అనకాపల్లి పక్కన తుమ్మపాలలో పెట్టిన సహకార ఫ్యాక్టరీ కూడా ఆ దశాబ్దానిదే.

స్వాతంత్ర్యం వచ్చాక మహారాష్ట్రలో విఠల్‌రావు విఖే పాటిల్, ఆర్థికవేత్త ధనంజయరావు గాడ్గిల్ లాంటివాళ్లు ప్రవర అనే చోట పెద్ద సహకార ఫ్యాక్టరీ నిలబెట్టి చూపించారు. అది చూసి ప్రభుత్వాలు కూడా సహకార ఫ్యాక్టరీలకి లైసెన్సులు, అప్పులు ఇవ్వడం పెంచాయి. మన దగ్గర చోడవరం, ఆమదాలవలస, చిత్తూరు, రేణిగుంట దగ్గరి గాజులమండ్యం, కడప పక్కన చెన్నూరు, తెలంగాణలో నిజామాబాద్ దగ్గర సారంగాపూర్, ఇలా ఒక్కో జిల్లాలో ఒక్కోటి లేచాయి. బోధన్‌లోని నిజాం షుగర్స్ వీటిలోకి రాదు. అది సహకార సంఘం కాదు, దాని కథ వేరు.

పద్ధతి ఏమిటంటే, చెరకు రైతు షేరు కొంటాడు, సంఘంలో సభ్యుడవుతాడు, పాలకవర్గానికి ఓటేస్తాడు. ప్రభుత్వం కూడా షేర్లు తీసుకుంటుంది, అప్పుకి పూచీ ఉంటుంది. అంటే యజమాని ఒక సేఠు కాదు, ఊళ్లో రైతులే. అందుకే కార్మికుడికి కూడా అది "మన ఫ్యాక్టరీ". ఆ మాటలోనే ధైర్యం ఉంది, తర్వాత వచ్చిన చిక్కు కూడా ఆ మాటలోనే ఉంది.

లోపల పనిచేసినవాళ్లు

చెరకు ఫ్యాక్టరీ ఏడాదంతా తిరగదు. చలికాలం మొదలయ్యే రోజుల్లో గానుగ మొదలైతే ఎండలు ముదిరేలోపు ఆగిపోతుంది. ఆ నాలుగైదు నెలలూ మూడు షిఫ్టులు. బళ్లు, ట్రాక్టర్లు కాటా దగ్గర బారులు తీరి ఉంటాయి. బాయిలర్‌లో చెరకు పిప్పి మండుతూ ఉంటుంది. ఫిట్టర్లు, పాన్‌మ్యాన్లు, కాటా గుమాస్తాలు, ల్యాబ్‌లో రసం పరీక్షించేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు, అందరికీ అప్పుడే పని.

అందుకే కార్మికుల్లో రెండు రకాలు. ఏడాది పొడుగునా జీతం ఉండే పర్మనెంటువాళ్లు, సీజనులో మాత్రమే పనిచేసేవాళ్లు. 1957లో కేంద్ర ప్రభుత్వం చక్కెర పరిశ్రమకి వేజ్ బోర్డు వేశాక జీతాలకి ఒక పద్ధతి వచ్చింది. కానీ సీజను మనిషికీ పర్మనెంటు మనిషికీ మధ్య తేడా చివరిదాకా పోలేదు. గ్రాట్యుటీలో ఆ తేడా ఎంత పెద్దదో ముందుకెళ్తే తెలుస్తుంది.

మా పెదనాన్న ఒక సహకార ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర చేశాడు. సీజనులో ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా తీపి వాసన పోయేది కాదని పెద్దమ్మ అనేది. జీతం తక్కువైనా "రిటైరైనాక చేతికి కొంత మొత్తం వస్తుంది" అనే ఆశ మీదే ఆ ఇల్లు నడిచింది. అలాంటి ఇళ్లు వేలల్లో ఉన్నాయి.

ఎందుకు మూతపడ్డాయి?

ఒక్క కారణం చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది. పాత ఫ్యాక్టరీలు చిన్నవి. కొత్తగా వచ్చిన పెద్ద ప్రైవేటు మిల్లులతో పోటీ పడలేకపోయాయి. నీళ్లు లేని ఏడు చెరకు తగ్గిపోయేది. అనకాపల్లి లాంటి చోట బెల్లం ధర బాగుంటే రైతు చెరకు బెల్లానికే వేసుకునేవాడు. చెరకు రాకపోతే ఖర్చు పెరిగేది, ఖర్చు పెరిగితే రైతుకి డబ్బు ఆలస్యమయ్యేది, డబ్బు ఆలస్యమైతే మరుసటి ఏడు ఆ రైతు చెరకు వేసేవాడు కాదు. సుడిగుండంలా తిరిగింది.

దానికితోడు ఎన్నికైన పాలకవర్గాల బదులు చాలాచోట్ల ఏళ్ల తరబడి ప్రభుత్వం పెట్టిన అధికారులే నడిపారు. "మన ఫ్యాక్టరీ" అనుకున్నదానికి గట్టిగా అడిగేవాళ్లు లేకుండా పోయారు. 2000 ప్రాంతంలో కొన్నిటిని అమ్మేశారు, కొన్ని నష్టాల్లో ఈడ్చుకుంటూ వచ్చి ఆగిపోయాయి. చక్కెర ఒక్కటే కాదు, చిత్తూరు సహకార పాల డెయిరీ కూడా 2002 ఆగస్టులో మూతపడింది. 21 ఏళ్ల తర్వాత, 2023 జులైలో గానీ దాని పునరుద్ధరణకి శంకుస్థాపన జరగలేదు. ఆ 21 ఏళ్లలో 40 ఏళ్లవాడికి 61 వచ్చేస్తాయి.

తాళం పడ్డాక ఎవరి వంతు ముందు?

కంపెనీ మునిగితే ఒక దారి ఉంది. 1985లో కంపెనీల చట్టాన్ని సవరించి, మునిగిపోయిన కంపెనీ ఆస్తి అమ్మితే వచ్చే డబ్బులో కార్మికుల బాకీని బ్యాంకుల బాకీతో సమానంగా నిలబెట్టారు. 2016లో దివాలా చట్టం వచ్చింది. కానీ సహకార సంఘం కంపెనీ కాదు. ఆ చట్టాలు దానికి వర్తించవు. సహకార సంఘాన్ని రద్దు చేసేది రాష్ట్ర సహకార చట్టం కింద, మన దగ్గర 1964 నాటి చట్టం కింద, సహకార శాఖ రిజిస్ట్రారు. ఆయన ఒక లిక్విడేటర్‌ని నియమిస్తాడు. ఆ అధికారి ఆస్తులు లెక్కేసి, అమ్మి, బాకీలు తీర్చాలి.

ఆ గుమ్మం ముందు ఎంతమంది నిలబడతారో చూడండి. అప్పిచ్చిన బ్యాంకులు, పూచీ ఉన్న ప్రభుత్వం, చెరకు డబ్బు రాని రైతులు, కరెంటు బిల్లులు, పన్నులు, చివర్న కార్మికులు. రైతూ కార్మికుడూ ఒకే ఊరివాళ్లు, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్లు. అన్నకి చెరకు డబ్బు రావాలి, తమ్ముడికి గ్రాట్యుటీ రావాలి.

ఇంకో చిక్కు ఉంది. చాలా ఫ్యాక్టరీలు చట్టప్రకారం రద్దు కాకముందే ఊరికే ఆగిపోయాయి. గానుగ ఆడదు, జీతం రాదు, అలాగని తీసేసినట్టు కాగితం కూడా ఇవ్వరు. మనిషి రోల్‌లో ఉండగానే 58 దాటిపోతాడు. చెన్నూరు, చిత్తూరు, గాజులమండ్యం కార్మికుల బకాయిల కోసం ధర్నాలు, వినతిపత్రాల వార్తలు జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి వచ్చాయి.

అయినా కార్మికుడి చేతిలో ఏమీ లేదనుకోకండి. రెండు పాత చట్టాలు సహకార సంఘాలకి కూడా వర్తిస్తాయి. ఒకటి 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం, రెండోది 1972 సెప్టెంబరు 16 నుంచి అమలైన గ్రాట్యుటీ చట్టం. 2009లో మహారాష్ట్ర సహకార చక్కెర మిల్లుల వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. మిల్లులు చక్కెర బస్తాల్ని బ్యాంకుకి తాకట్టు పెట్టాయి. ఆ చక్కెర మీద ముందు హక్కు బ్యాంకుదా, కార్మికుల పీఎఫ్ బాకీదా అన్నది ప్రశ్న. పీఎఫ్ బాకీయే ముందు అని కోర్టు తేల్చింది. సహకార ఫ్యాక్టరీలో పనిచేసిన ప్రతి కుటుంబం గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు అది.

అంతకుముందే, 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షన్ యజమాని దయ కాదు, ఉద్యోగి హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ప్రభుత్వ ఉద్యోగులదే. కానీ డిసెంబరు 17ని పెన్షనర్ల రోజుగా జరుపుకునేది అందుకే.

లెక్క వేసి చూద్దాం

చట్టప్రకారం గ్రాట్యుటీ లెక్క ఇది: చివరి నెల మూల వేతనం, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, చేసిన ఏళ్లతో గుణించాలి. చివరి జీతం 7,800, సర్వీసు 30 ఏళ్లు అనుకోండి. రోజుకి 300, పదిహేను రోజులకి 4,500, ముప్పై ఏళ్లకి 1,35,000 రూపాయలు.

సీజను మనిషికైతే చట్టం సీజనుకి 7 రోజుల జీతమే ఇస్తుంది. అదే జీతం, అదే 30 సీజన్లు అయితే 63,000. ఒకే బాయిలర్ వేడికి నిలబడిన ఇద్దరికి సగానికి పైగా తేడా.

ఆలస్యమైతే? 1987లో చేసిన సవరణ ప్రకారం గడువు దాటిన గ్రాట్యుటీకి వడ్డీ కట్టాలి. ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ అనుకుంటే 1,35,000కి ఏడాదికి 13,500. పదేళ్లయితే వడ్డీయే అసలంత అవుతుంది. "ఏదో ఇంత ఇచ్చి సర్దుబాటు చేస్తాం" అన్నప్పుడు ఈ లెక్క తెలిసినవాళ్లు ఒకలా మాట్లాడతారు, తెలియనివాళ్లు ఇంకోలా తల ఊపుతారు.

పీఎఫ్ సంగతి ఇంకా ఘోరం. అందులో సగం కార్మికుడి సొంత జీతంలోంచి కోసిందే. కోసిన డబ్బు కట్టకపోతే అది నమ్మకద్రోహం నేరమని చట్టమే చెబుతోంది.

ఆడవాళ్ల చేతికి వచ్చేసరికి

నేను నర్సుని. ఆస్పత్రిలో ఫైలులో ఒక్క కాగితం లేకపోతే ఏమవుతుందో రోజూ చూస్తాను. ఈ విషయంలో కూడా అంతే. బాకీ కోసం తిరిగిన మగమనిషి పోయాక ఆ కాగితాల సంచి భార్య చేతికి వస్తుంది. మా పెద్దమ్మ దగ్గర ఉన్న సంచిలో పాత జీతం చీటీలు, ఒక గుర్తింపు కార్డు, రబ్బరు స్టాంపు వేసిన అర్జీ నకళ్లు, అన్నీ కలిసి ఉన్నాయి. ఆమె పేరు ఒక కాగితంలో పుట్టింటి పేరుతో, ఇంకోదాంట్లో అత్తింటి పేరుతో ఉంది. బాకీ ఎంతో తేలకముందే ఆ మనిషి ఈ మనిషేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

కార్మికుడు చనిపోతే గ్రాట్యుటీ నామినీకి, నామినీ లేకపోతే వారసులకి వస్తుంది. చనిపోయినవాళ్ల విషయంలో 5 ఏళ్ల సర్వీసు నిబంధన కూడా లేదు. 1995 పెన్షన్ పథకం కింద భార్యకి వితంతు పెన్షన్ ఉంది. 2014 సెప్టెంబరు నుంచి కనీసం నెలకి 1,000 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ ఫ్యాక్టరీ మూతపడిందని అది ఆగిపోకూడదు. సంతకం పెట్టే యజమాని లేకపోతే బ్యాంకు మేనేజరు, గెజిటెడ్ అధికారి లాంటివాళ్లు ధ్రువీకరించే వీలుంది. గ్రాట్యుటీ కోసం ముందు ఫ్యాక్టరీకి గానీ లిక్విడేటర్‌కి గానీ అర్జీ, అక్కడ కాకపోతే కార్మిక శాఖలో కంట్రోలింగ్ అథారిటీ దగ్గరికి. ఆలస్యమైనా తగిన కారణం చూపితే తీసుకుంటారు. 2020లో పార్లమెంటు ఈ చట్టాలన్నిటినీ సామాజిక భద్రతా స్మృతిలో కలిపింది కాబట్టి, కొత్తగా అర్జీ పెట్టేవాళ్లు ఏ ఫారమో కార్మిక శాఖలో ఒకసారి అడిగి రాయండి.

ఏటికొప్పాక రైతులు షేరు కొన్నప్పుడు నలుగురూ కలిస్తే సేఠు అక్కర్లేదని నమ్మారు. ఆ నమ్మకం తప్పు కాదు. లాభం వచ్చినప్పుడు నలుగురిదీ అయిన ఫ్యాక్టరీ, బాకీ తీర్చాల్సి వచ్చేసరికి ఎవరిదీ కాకుండా పోవడమే తప్పు. ఆ బాకీ ఇంకా బతికే ఉంది. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మామగారినో, నాన్ననో, ఒంటరిగా ఉన్న అత్తనో ఒక్క మాట అడగండి: పీఎఫ్ నంబరు ఎక్కడుంది, సర్వీసు ఎన్నేళ్లు, నామినీగా ఎవరి పేరు రాశారు? వాళ్లు చెప్పింది మీరు రాసి పెట్టుకోండి. వాళ్లకి గుర్తున్నంత కాలమే ఆ వివరాలు దొరుకుతాయి.