గుర్రాల రిఫరల్ వైద్యం: కంభం ప్రాంతం

స్థానిక పశువైద్యుడు తన ఆసుపత్రిలో నయం చేయలేని గుర్రాన్ని, లేదా దాని రక్త నమూనాను, నిపుణుల దగ్గరికి పంపడమే రిఫరల్. కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతంలో పశువైద్యం ఎక్కువగా గేదెలు, ఎద్దులు, గొర్రెల చుట్టూ తిరుగుతుంది. ఇక్కడి పశుసంపద పాత లెక్కలు వెతికేవారు కర్నూలు జిల్లా కింద చూడాలి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం అందులోదే. 2012, 2019 పశుగణనల నడుమ దేశంలో గుర్రాలు సుమారు 6.25 లక్షల నుంచి 3.4 లక్షలకు పడిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో గాడిదలు సగానికి పైగా తగ్గాయి. ఇవి అరుదైనకొద్దీ వైద్యుడికి చేతి అనుభవమూ తగ్గుతుంది. అందుకే రిఫరల్ అవసరం మునుపటికన్నా పెరిగిందనుకోవచ్చు.

 

కడుపునొప్పి. రిఫరల్‌లో ఆలస్యం ప్రాణం తీసే జబ్బు ఇది. గుర్రం వాంతి చేసుకోలేదు. పేగు మెలిపడితే ద్రవం వెనక్కి తన్ని జీర్ణకోశం పగిలే ప్రమాదం ఉంటుంది. నిలకడగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. 60 దాటితే పంపాలన్నది తరచుగా చెప్పే హద్దు. 80 దాటితే బతికే ఆశ సన్నగిల్లుతుంది. అయితే అంకె కోసం కాచుకోవడం కంటే, ఫ్లునిక్సిన్ వంటి నొప్పి మందు ఇచ్చాక కూడా గుర్రం పొర్లుతూనే ఉంటే వెంటనే కదలడం మేలు. ఆ మందునే పదేపదే పొడిస్తే నొప్పి అణిగి, లోపలి మెలిక దాగిపోతుంది. ముక్కు గుండా గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీసి గానీ బండి ఎక్కించకూడదు. ఏ మందు, ఎంత మోతాదు, ఏ వేళకు ఇచ్చారో చీటీలో ఉండాలి.

అలా పంపదగ్గ చోటు, 1955లో మొదలైన తిరుపతి పశువైద్య కళాశాల, కంభానికి 250 కిలోమీటర్లకు పైనే ఉంది. పంపే రోజు అక్కడ గుర్రానికి మత్తిచ్చి పొట్ట కోసే ఏర్పాటు ఉందో లేదో ముందే ఫోనులో కనుక్కోవాలి. 1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం ప్రయాణానికి పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి.

గ్లాండర్స్. ఇందులో పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. గుర్రాన్ని కదిలించనే కూడదు, సీరం మాత్రమే ప్రయాణించాలి. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద పుండ్లు కనిపిస్తే జంతువును విడిగా కట్టి, పశుసంవర్ధక శాఖకు తెలపాలి. నమూనాలు హర్యానాలోని హిసార్‌లో 1985లో నెలకొన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళతాయి. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది కాబట్టి నమూనా తీసేవారికి చేతి తొడుగులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. వ్యాధి నిర్ధారణైతే చికిత్స లేదు. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం కింద జంతువును నొప్పి తెలియకుండా చంపి పూడుస్తారు.

సర్రా. జోరీగలు మోసే ఈ జబ్బు గేదెల్లోనూ ఉంటుంది కాబట్టి స్థానిక వైద్యులకు కొత్త కాదు. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన రక్తపు స్లయిడులో సూక్ష్మజీవి కనిపిస్తే పై ఆసుపత్రికి పంపే పని లేదు. కనిపించకపోయినంత మాత్రాన జబ్బు లేదని తేల్చకూడదు. మళ్లీ జ్వరం వచ్చినప్పుడు మరో స్లయిడు తీయాలి.