అతినీలలోహిత ఖగోళ పరిశీలన: దర్పణం నుంచి శోధకం దాకా

‘దూరదర్శిని’ అన్న మాటలో దూరానికీ దర్శనానికీ చోటుంది; నమోదుకు లేదు. ఆ పరికరాల చరిత్ర రాసేటప్పుడు కూడా మనం దర్పణ వ్యాసాన్నే ప్రధాన కొలమానంగా తీసుకుంటాం. అయితే దర్పణం కాంతిని ఒకచోటికి చేరుస్తుందే తప్ప నమోదు చేయదు. ఆ పని శోధకానిది. అతినీలలోహిత ఖగోళశాస్త్ర చరిత్రను శోధకం వైపు నుంచి చదివితే ఆ కొలమానం చాలదని తేలుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

సుమారు 300 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని భూవాతావరణం, ముఖ్యంగా ఓజోన్ పొర, అడ్డగిస్తుంది. అత్యధిక ఉష్ణోగ్రత గల యువ నక్షత్రాల కాంతిలో అధికభాగం ఈ పరిధిలోదే. నేల మీద ఎంత పెద్ద దర్పణాన్ని నిలిపినా అది అందదు. వాతావరణానికి ఆవల దూరదర్శిని ఉండవలసిన ఆవశ్యకతను లైమన్ స్పిట్జర్ 1946లోనే ఒక నివేదికలో వివరించాడు. అప్పటికి కృత్రిమ ఉపగ్రహమే లేదు.

దర్పణాన్ని పైకి పంపడంతో సమస్య తీరలేదు. ఛాయాచిత్ర ఫలకాన్ని వాడితే దాన్ని తిరిగి నేలకు దించాలి. ఉపగ్రహానికి అది సులభమైన పని కాదు గనుక, కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే శోధకం అవసరమైంది. 1968లో ప్రయోగించిన ఓఏఓ-2లోని సెలెస్కోప్ ఇందుకు టెలివిజన్ కెమెరా గొట్టాలను ఆశ్రయించింది. 1978 నాటి ఐయూఈ దర్పణ వ్యాసం 45 సెంటీమీటర్లే. అయినా అదే తరహా శోధకాలతో అది 1996 వరకు పనిచేసింది. 1990లో వెళ్లిన హబుల్ దర్పణం 2.4 మీటర్లది. కానీ ఆకృతి లోపం వల్ల 1993 డిసెంబరులో వ్యోమగాములు సరిదిద్దేదాకా దాని చిత్రాలు మసకగానే ఉన్నాయి.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత పరికరం యూవీఐటీ ఉంది. దాని రెండు దూరదర్శినుల వ్యాసం సుమారు 38 సెంటీమీటర్లే. కెనడా అంతరిక్ష సంస్థ సహకారంతో రూపొందిన శోధకాలు ఒక్కొక్క ఫోటాన్‌ను వేరువేరుగా లెక్కిస్తాయి. ఫోటాన్ తాకగానే కాంతి ఫలకం నుంచి ఒక ఎలక్ట్రాన్ వెలువడుతుంది. సూక్ష్మనాళికల పలక దాన్ని అనేక రెట్లు పెంచుతుంది. ఆ ఎలక్ట్రాన్ల ధార భాస్వర తెర మీద మెరుపవుతుంది. కెమెరా ఆ మెరుపు స్థానాన్ని గుర్తిస్తుంది. ప్రతి ఫోటాన్‌కూ స్థానమూ కాలమూ నమోదైనందువల్ల ఉపగ్రహపు కదలికను నేల మీద గణనతో సవరించవచ్చు.

ఈ పద్ధతి ఫలితం 2020లో వెల్లడైంది. దాదాపు 930 కోట్ల సంవత్సరాల క్రితం ఒక గెలాక్సీ నుంచి బయలుదేరిన తీవ్ర అతినీలలోహిత కాంతిని యూవీఐటీ పట్టుకుంది. శోధకంలోని నేపథ్య రొద హబుల్‌లో కన్నా చాలా తక్కువగా ఉండటమే ఇందుకు కారణమని పరిశోధకులు చెప్పారు. వ్యాసమే కొలమానమైతే ఈ ఫలితానికి వివరణ దొరకదు.

శోధకానికి మరో పార్శ్వమూ ఉంది. 2018లో యూవీఐటీ సమీప అతినీలలోహిత విభాగం పనిచేయడం మానింది. దాని దర్పణం పైనే ఉంది. ఆ పరిధిలో చూపు మాత్రం పోయింది. కాబట్టి దూరదర్శినుల చరిత్రను తెలుగులో రాసేటప్పుడు దర్పణ వ్యాసం పక్కనే శోధకం స్వభావాన్నీ, ఆయుర్దాయాన్నీ నమోదు చేయడం అవసరం. ఏది ఎంత పెద్దదన్న ప్రశ్నతో ఆగిపోయే చరిత్ర, ఏది ఎంతవరకు చూడగలిగిందన్న ప్రశ్నకు జవాబివ్వలేదు.